అదును తప్పితే రాంగెల్ దీవిలోనూ కరువే

అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. దేశంలో బాగా తక్కువ వాన పడే జిల్లాల్లో ఇదొకటని బడిలోనే నేర్పుతారు. రష్యా ఈశాన్యపు కొసన, ఆర్కిటిక్ సముద్రంలో ఉన్న రాంగెల్ దీవికి ఏడాది మొత్తంలో దక్కేది, పడిన మంచునంతా కరిగించి నీళ్లుగా కొలిస్తే, 150 మిల్లీమీటర్లు అటూఇటూ. మన కరువు జిల్లాకు దక్కేదానిలో మూడో వంతు కూడా లేదు. అయినా జూన్ నెలాఖరున ఆ దీవి ఉత్తరపు మైదానంలో నడిస్తే బూట్లు బురదలో దిగబడతాయి. కిలోమీటరుకు మించి పారే వంకలు, ఏర్లు దీవి మీద 1,400 దాకా ఉన్నాయి. లోతులేని కుంటలు మరో 900 దాకా.

అంత కొంచెం తడితో ఇన్ని నీళ్లు ఎలా నిలిచాయో తెలియాలంటే నేల అడుగుకు చూడాలి. కడప వైపు కొన్ని చేన్లలో రెండడుగుల మన్ను తీస్తే నాపరాయి తగులుతుంది. గట్టి వాన పడితే నీళ్లు కిందికి ఇంకే దారి లేక ఆ రాయి మీదే నిలుస్తాయి. రాంగెల్‌లో ఆ నాపరాయి చోట గడ్డకట్టిన మన్నే ఉంది. దీన్ని పెర్మాఫ్రాస్ట్ అంటారు. ఎండాకాలంలో పైన అర మీటరు అటూఇటూ కరుగుతుంది, దాని కిందది ఏళ్ల తరబడి కరగదు. కిందికి ఇంకుడు లేదు, పైకి ఆవిరీ తక్కువే. తీరంలో జూలై సగటు ఉష్ణోగ్రత 2, 3 డిగ్రీలు. మన చెరువుల్లో నీళ్లను ఏప్రిల్, మే ఎండలు తాగేస్తాయి. అక్కడి ఎండకు అంత దాహం లేదు. నడివేసవిలో, జూన్ 21 మధ్యాహ్నం కూడా అక్కడ సూర్యుడు 42 డిగ్రీల ఎత్తుకు మించి ఎక్కడు. మనకు డిసెంబర్ చివర్లో, అన్నిటికన్నా వాలుగా ఎండ పడే రోజు మధ్యాహ్నం సూర్యుడు ఉండే ఎత్తు 52 డిగ్రీలు. వాళ్ల నడివేసవి ఎండ మన నడిశీతాకాలపు ఎండ కంటే వాలుగా పడుతుందన్నమాట. కాకపోతే అది రాత్రీ పగలూ పడుతూనే ఉంటుంది. మే నడుమ నుంచి జూలై చివరి దాకా అక్కడ పొద్దు గూకదు. నవంబర్ చివర్లో గూకితే మళ్లీ జనవరి చివర్లోనే పొడుస్తుంది.

మన సేద్యపు మాటల్లో పదును వేరు, అదును వేరు. పదును అంటే విత్తడానికి చాలినంత తేమ. అదును అంటే ఆ తేమ రావాల్సిన నాటికి రావడం. ఆగస్టు చివర్లో ఎంత పదునైనా శెనక్కాయకు అదును పోయినట్టే. రాంగెల్ దీవిలో ఏ ప్రాణి బతుకు చూసినా ఈ రెండు మాటలు ముందుకు వస్తాయి. చలికి అక్కడి ప్రాణులన్నీ తయారై ఉన్నవే. జనవరిలో వెచ్చబడితే, అక్టోబర్‌లో సముద్రం గడ్డకట్టకపోతే, జూన్‌లో మంచు కరగకపోతే, అక్కడ చావులు మొదలవుతాయి.

ముందుగా ఒక మాట ఇబ్బంది తీర్చుకోవాలి. మనకు తెల్లారుజామున గడ్డి మీద పడేదీ మంచే, దారి కనిపించకుండా కమ్ముకునేదీ మంచే, హిమాలయాల మీద రాలేదీ మంచే. రాంగెల్ గురించి చెప్పేటప్పుడు అన్నిటికీ ఒకే మాట వాడితే అసలు విషయమే తప్పిపోతుంది. అందుకని ఇక్కడ ఆకాశం నుంచి పొడిగా రాలేదాన్ని మంచు అంటాను. సముద్రపు నీరు గట్టిపడితే గడ్డ. రాలిన మంచు మీద వాన పడి, మళ్లీ చలికి బిగుసుకుని అద్దంలా తయారయ్యే పొరను పెంకు అంటాను. మంచు అక్కడి ప్రాణులకు దుప్పటి, గడ్డ వాటికి నేల, పెంకు వాటి పాలిటి మృత్యువు.

దీవి ఎక్కడుందో మ్యాపులో వెతికేవాళ్లు రెండు చోట్ల పొరబడతారు. 180 డిగ్రీల రేఖాంశం సరిగ్గా దీవి మీదుగానే పోతుంది. మామూలు ప్రపంచపటాన్ని ఆ రేఖ దగ్గరే కత్తిరిస్తారు గనుక దీవి రెండు ముక్కలై, ఒకటి కుడి అంచున, ఒకటి ఎడమ అంచున పడుతుంది. చాలామంది ఆ ముక్కను చూసి వేరే దీవి అనుకుంటారు. రెండోది పరిమాణం. ఫోన్లలో వాడే మెర్కేటర్ పటం ధ్రువాల వైపు పోయేకొద్దీ నేలను సాగదీస్తుంది. 71 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర పొడవు మూడింతలు, విస్తీర్ణం తొమ్మిదింతలు పెరిగి కనిపిస్తుంది. ఆ పటంలో చూస్తే రాంగెల్ పాత కడప జిల్లాకు నాలుగింతలకు పైగా ఉన్నట్టు తోస్తుంది. నిజానికి దాని విస్తీర్ణం 7,600 చదరపు కిలోమీటర్లు, అంటే విడదీయక ముందున్న కడప జిల్లాలో సగం. తూర్పు పడమరలుగా 150 కిలోమీటర్లు, ఉత్తర దక్షిణాలుగా 80 కిలోమీటర్ల దాకా ఉంటుంది. సైబీరియా తీరం నుంచి దీన్ని 140 కిలోమీటర్ల వెడల్పున్న డి లాంగ్ జలసంధి విడదీస్తుంది. పడమటి వైపు తూర్పు సైబీరియా సముద్రం, తూర్పు వైపు చుక్చీ సముద్రం.

నడుమ కొండలు, ఉత్తరాన వెడల్పాటి చిత్తడి మైదానం, దక్షిణాన సన్నటి పల్లం. ఎత్తైన శిఖరం పేరు సోవెట్‌స్కాయా, 1,096 మీటర్లు. మన నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరం కంటే కాస్త ఎక్కువ, అంతే. కానీ నల్లమల మీద చెట్టుకు చెట్టు ఒరుసుకుంటుంది, ఇక్కడ దీవి మొత్తం మీద చెట్టన్నదే లేదు. విల్లో జాతి మొక్కలున్నాయి గాని అవి చాలాచోట్ల నేలకు కరుచుకుని వేళ్ల ఎత్తులోనే పాకుతాయి. నిటారుగా పెరిగితే చలిగాలి కోసేస్తుంది. నేలను అంటిపెట్టుకుంటే మంచు దుప్పటి కిందికి వస్తాయి.

చెట్లు లేవని మొక్కలు లేవనుకోకూడదు. 417 రకాల మొక్కలను ఇక్కడ గుర్తించారు. ఇంతే విస్తీర్ణమున్న ఆర్కిటిక్ టండ్రా ప్రాంతం మరే దానిలోనూ ఇందులో సగానికి మించి లేవు. 23 రకాలు ఈ దీవిలో తప్ప లోకంలో మరెక్కడా పెరగవు. వాటిలో ఆక్సిట్రోపిస్ ఉషాకోవీ అనే చిన్న పూల మొక్క మన శెనక్కాయ కుటుంబానిదే. చిక్కుడు, కంది, శెనగ, బుడ్డలు అన్నీ ఏ కుటుంబమో అదీ అదే. మనకు ఎర్రనేల మీద పప్పుజాతి ఎలాగో, ఆ గులకరాళ్ల నేలకు ఇదలాగ. పసుపుపచ్చని ఆర్కిటిక్ గసగసాల పువ్వు కూడా ఉంది. దాని రేకులు పళ్లెంలా విచ్చుకుని, పొద్దుతో పాటు తల తిప్పుతూ ఎండను నడిమధ్యకు పోగు చేస్తాయి. పువ్వు లోపల బయటికంటే కొన్ని డిగ్రీలు వెచ్చగా ఉంటుంది. దోమంత ఈగలు తేనె కోసం కంటే ముందు ఒళ్లు కాచుకోవడానికి అందులో కూర్చుంటాయి. లేచి పోయేటప్పుడు వాటి కాళ్లకు పుప్పొడి అంటుకుని ఉంటుంది.

ఇంత రకరకాల మొక్కలకు కారణం పాతది. మంచుయుగంలో కెనడాను, ఉత్తర యూరప్‌ను కిలోమీటర్ల మందం హిమపు పలకలు రుద్దేశాయి. రాంగెల్ మీద అలాంటి పలక పరుచుకోలేదు. అప్పట్లో సముద్రమట్టం ఇప్పటికంటే 120 మీటర్ల దాకా తక్కువ. ఆసియా, అమెరికాలు బెరింజియా అనే గడ్డినేలతో కలిసి ఉండేవి. రాంగెల్ ఆ నేల మీది కొండల వరస. సుమారు 10,000 ఏళ్ల కిందట సముద్రం పెరిగి చుట్టూ కమ్మేసరికి ఇది దీవిగా మిగిలింది. ఆనాటి పొడి గడ్డిమైదానపు మొక్కలు లోపలి లోయల్లో ఇంకా ఉన్నాయి. కొండల చాటున ఉండే ఆ లోయలు తీరం కంటే వెచ్చన.

మొక్కలతో పాటు చిక్కుకుపోయింది మామత్ అనే బొచ్చు ఏనుగు. ఖండం మీద మామత్‌లు అంతరించాక కూడా ఇక్కడ 6,000 ఏళ్లు బతికాయి. చివరివి పోయి సుమారు 4,000 ఏళ్లు. అంటే గీజా పిరమిడ్లు కట్టి ముగిసేనాటికి, హరప్పా వీధుల్లో ఎడ్లబండ్లు తిరిగేనాటికి, బళ్లారి, అనంతపురం వైపు పశువుల కాపరులు పేడ కాల్చి బూడిద దిబ్బలు పోస్తున్న కాలానికి, ఇక్కడ మామత్‌లు గడ్డి మేస్తున్నాయి. ఈ సంగతి 1993లో వర్తాన్యాన్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు నేచర్ పత్రికలో వెల్లడించారు. 2024లో వచ్చిన జన్యు అధ్యయనం ఇంకో మాట చెప్పింది. దీవిలో చిక్కుకున్నప్పుడు ఆ మంద ఒక దశలో ఎనిమిదికి మించలేదు. తర్వాత ఇరవై తరాల్లోనే రెండు మూడు వందలకు పెరిగి వేల ఏళ్లు అలాగే నిలిచింది. దగ్గర సంబంధాల వల్ల పుట్టుకతో వచ్చే లోపాలు ఉన్నా, వాటివల్ల కొద్దికొద్దిగా తగ్గి పోలేదు. ఉన్నట్టుండి పోయింది. దీవిలో మనుషులు తిరిగిన మొదటి ఆనవాళ్లు చోర్టోవ్ ఒవ్రాగ్ అనే చోట దొరికాయి, అవి మామత్‌లు పోయిన కొన్ని వందల ఏళ్ల తర్వాతివి.

దీని పక్కన పెట్టి చూడాల్సింది సెయింట్ పాల్ దీవి. అది దక్షిణాన బేరింగ్ సముద్రంలో ఉంది, చాలా చిన్నది. అక్కడ కూడా మామత్‌లు మిగిలాయి, 5,600 ఏళ్ల కిందట పోయాయి. వాటి చావుకు కారణం మంచినీళ్ల కరువని చెరువు అడుగున పేరుకున్న మన్నును పరిశీలించి తేల్చారు. సముద్రం పెరిగి దీవి కుంచించుకుపోయింది, వాతావరణం పొడిబారింది, ఉన్న ఒకటి రెండు చెరువులు ఎండుతూ వచ్చాయి. నీళ్లకోసం అన్నీ ఒక్క గట్టునే తొక్కేసరికి ఆ గట్టు మన్ను చెరువులోకి జారి పూడిక మరింత పెరిగింది. వేసవిలో ఎండుతున్న కుంట చుట్టూ గొర్లు, బర్రెలు తొక్కిన నేల చూసినవాళ్లకు దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. రాంగెల్‌కు 1,400 వంకలున్నాయి కాబట్టి అక్కడి మామత్‌లకు ఆ గతి పట్టలేదు. ఇప్పటికీ వంకల ఒడ్లు కోసుకుపోయినప్పుడు దంతాలు బయటపడుతుంటాయి.

ఇక నేడు బతికి ఉన్న ప్రాణుల సంగతి. రాంగెల్ పేరు చెప్పగానే అందరూ ధ్రువపు ఎలుగుబంటి అంటారు. కానీ దీవి లెక్కంతా నడిచేది లెమ్మింగ్ మీద. అది అరచేతిలో పట్టే ఎలుకజాతి జీవి. ఇక్కడ రెండు రకాలున్నాయి, అందులో రాంగెల్ లెమ్మింగ్ ఈ దీవికే సొంతం. శీతాకాలం వచ్చేసరికి దాని బొచ్చు తెల్లబడుతుంది, ముందుకాళ్ల గోళ్లు పారల్లా పెరుగుతాయి. అది నిద్రాణంలోకి పోదు. మంచుకూ నేలకూ మధ్య ఏర్పడే బెత్తెడు ఖాళీలో సొరంగాలు చేసుకుని, నాచు, విల్లో వేళ్లు కొరుక్కుంటూ బతుకుతుంది. పైన మైనస్ 30 ఉన్నా, అర మీటరు పైన మెత్తటి మంచు ఉంటే అడుగున చలి సగానికి సగం విరుగుతుంది. ఆ వెచ్చదనంలో శీతాకాలమంతా పిల్లలు కూడా పెడుతుంది. నడిశీతాకాలంలో ఒక్క రోజు వాన పడితే చాలు, నీళ్లు మంచులోకి దిగి అడుగుకు చేరి గడ్డకడతాయి. సొరంగాలు మూసుకుపోతాయి, తిండి గాజులో పెట్టి బిగించినట్టు అయిపోతుంది. లెమ్మింగులు కొన్నేళ్లకోసారి విపరీతంగా పెరిగి మళ్లీ పడిపోతుంటాయి. 1970ల్లో ఆ విడత సుమారు అయిదేళ్లకోసారి వచ్చేది, తర్వాతి దశాబ్దాల్లో ఎనిమిదేళ్ల దాకా జరిగింది. అదును తప్పిన వెచ్చదనం, పెంకు కట్టిన శీతాకాలాలు ఇందుకు కారణమని అక్కడ పనిచేసిన పరిశోధకులు చెబుతున్నారు.

లెమ్మింగులు తగ్గితే మొదట తెల్ల గుడ్లగూబ గూడు పెట్టడం మానేస్తుంది. మంచి ఏడాదిలో పది దాకా గుడ్లు పెట్టే పక్షి, చెడ్డ ఏడాదిలో ఒక్కటీ పెట్టదు. గుడ్లగూబ లేకపోతే బాతులకు కాపలా పోతుంది. ఇది చాలామందికి వింతగా తోస్తుంది గాని సూత్రం సులువు. గుడ్లగూబ తన గూటి చుట్టూ ధ్రువనక్కను రానివ్వదు, పైనుంచి దూకి తరిమేస్తుంది. ఆ కాపలా గీత లోపల పెద్దబాతులు, ఈడర్ బాతులు గూళ్లు పెట్టుకుంటాయి. లెమ్మింగులు పుష్కలంగా ఉంటే గుడ్లగూబకు కడుపు నిండుతుంది, నక్కకు కూడా గుడ్ల మీద అంత ఆశ ఉండదు. లెమ్మింగులు లేని ఏడు కాపలాదారు ఉండడు, దొంగకు ఆకలి రెట్టింపు.

స్నో గూస్ అనే తెల్ల పెద్దబాతుకు ఆసియా మొత్తం మీద మిగిలిన పెద్ద గూళ్ల తావు ఇదొక్కటే. దీవి నడుమ తుండ్రోవాయా ఏటి ఎగువన అవన్నీ చేరతాయి. శీతాకాలం అమెరికా పడమటి తీరంలో, ఫ్రేజర్, స్కాగిట్ నదుల మొగల్లో, కాలిఫోర్నియా వరిమళ్లలో గడిపి మే చివర్లో వస్తాయి. వచ్చేనాటికి దీవిలో తిండి ఇంకా మంచు కిందే ఉంటుంది. దారిలో మేసి ఒంట్లో పెట్టుకున్న కొవ్వుతోనే గుడ్లు పెట్టాలి, 22, 23 రోజులు పొదగాలి. జూన్ మొదటి వారానికి నేల బయటపడితే నాలుగైదు గుడ్లు. పది రోజులు ఆలస్యమైతే దాచుకున్న కొవ్వు తల్లి ఒంటికే సరిపోతుంది, గుడ్లు తగ్గుతాయి. ఇంకా ఆలస్యమైతే గూడే పెట్టవు. తొందరపడి మంచు మీద వదిలేసిన గుడ్లు ఎవరూ పొదగక చెడిపోతాయి. పిల్లలు గుడ్డు చీల్చుకుని వచ్చిన ఒకటి రెండు రోజులకే తల్లిదండ్రుల వెంట ఉత్తరపు మైదానంలోని కుంటల దాకా పదుల కిలోమీటర్లు నడుస్తాయి. 1970ల్లో వరసగా చెడ్డ వసంతాలు వచ్చి లక్షకు పైగా ఉన్న మంద సగానికి పడిపోయింది. ఇటీవలి లెక్కల్లో మూడు లక్షలు దాటింది. వసంతం ముందుగా రావడం వీటికి మాత్రం కలిసొచ్చింది. వెచ్చబడితే అందరికీ నష్టమేనని ఒక్క మాటలో తేల్చేవాళ్లు ఈ బాతుల లెక్క తప్పకుండా చూడాలి.

ధ్రువనక్క దొంగతనం దగ్గరనుంచి చూడదగ్గది. గూటినుంచి ఒక గుడ్డును పగలకుండా పళ్ల మధ్య పట్టుకుని వంద, రెండు వందల మీటర్లు పరుగెడుతుంది. నాచులో ముందుకాళ్లతో చిన్న గుంట తీసి, గుడ్డు పెట్టి, ముక్కుతో నాచును తిరిగి అదిమి మూసేస్తుంది. ఒక గుంటలో ఒకటే గుడ్డు. ఒక గుంట ఇంకో నక్క కంటబడినా మిగతావి ఉంటాయి. గుడ్ల కాలం రెండు, మూడు వారాలే కాబట్టి రాత్రీ పగలూ ఇదే పని. అడుగున గడ్డకట్టిన నేల, గుడ్డు తెల్లసొనలో సహజంగా ఉండే క్రిమినాశక గుణం, రెండూ కలిసి ఆ గుడ్డును నెలల తరబడి కాపాడతాయి. మరుసటి వసంతంలో కూడా నక్కలు పాత గుడ్లు తవ్వుకుని తింటాయి. పైన కరిగే పొర లోతు పెరిగేకొద్దీ ఈ గాదె చల్లదనం తగ్గుతుంది.

ఎలుగుబంటి దగ్గరికి వద్దాం. ప్రపంచంలో ధ్రువపు ఎలుగులు ఈనడానికి బాగా చిక్కగా చేరే చోట్లలో రాంగెల్ ఒకటి, మంచి ఏడాదిలో 400 దాకా గుహలు లెక్కకు వచ్చాయి. గుహ అంటే రాతిది కాదు, మంచులో తవ్వింది. అక్టోబర్, నవంబర్లో గాలి కొట్టుకొచ్చిన మంచు కొండవాలు చాటున మీటరుకు పైగా పేరుకున్న చోటు చూసి ఆడ ఎలుగు తవ్వుతుంది. మనిషి పాక్కుంటూ దూరేంత ఇరుకైన సొరంగం, దాని చివర, సొరంగం నోటికంటే కాస్త ఎత్తులో, తాను చుట్టుకుని పడుకునేంత గది. గది ఎత్తులో ఉండడమే కీలకం. వెచ్చటి గాలి పైకి చేరి అక్కడే నిలుస్తుంది, చల్లగాలి కిందినుంచి జారిపోతుంది. లోపల బయటికంటే 20 డిగ్రీల దాకా వెచ్చగా ఉంటుంది. డిసెంబర్, జనవరిలో పుట్టే పిల్ల బరువు 600 గ్రాములు అటూఇటూ. తల్లి పాలలో మూడో వంతు కొవ్వే. మార్చి చివర, ఏప్రిల్‌లో బయటికి వచ్చేనాటికి పిల్ల పది కిలోలు దాటుతుంది. ఈ నెలలన్నీ తల్లి ఒక్క ముద్ద తినదు.

ఇందులో తప్పు జరిగే చోట్లు చాలా ఉన్నాయి. ఏప్రిల్, మేలో జత కట్టినా పిండం గర్భంలో వెంటనే నాటుకోదు. శరత్కాలంలో తల్లి ఒంట్లో చాలినంత కొవ్వుంటేనే నాటుకుంటుంది, లేకుంటే కరిగిపోతుంది. మంచు ఆలస్యంగా పడితే గుహకు మందం చాలదు. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు వెచ్చబడితే కప్పు కూలుతుంది. బయటికి వచ్చాక తల్లికి మొదటి తిండి రింగ్డ్ సీల్ పిల్లలు. ఆ సీళ్లు కూడా సముద్రపు గడ్డ మీది మంచులో బొరియ చేసుకుని ఏప్రిల్‌లోనే ఈనుతాయి. తొందరగా వాన పడితే ఆ బొరియల కప్పు కరిగి పిల్లలు బయటపడతాయి, నక్కలకు, పక్షులకు అందుతాయి. ఎలుగు గుహకూ, సీల్ బొరియకూ పైకప్పు మంచే.

వేసవి చివర సముద్రపు గడ్డ ఉత్తరానికి జరిగిపోతే ఎలుగులు దీవి ఒడ్డున చిక్కుకుంటాయి. మళ్లీ గడ్డ కట్టేదాకా వాటికి వేట లేదు. 2017 సెప్టెంబర్లో ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఒక బోహెడ్ తిమింగలం కళేబరం దగ్గర 200కి పైగా ఎలుగులు చేరాయి. ఆ దృశ్యాన్ని చూసి ఎలుగులు సుఖంగా ఉన్నాయన్నవాళ్లూ ఉన్నారు, చచ్చిపోతున్నాయన్నవాళ్లూ ఉన్నారు. రెండూ తొందరపాటే. చుక్చీ సముద్రపు ఎలుగులు సుమారు 3,000. ఆ సముద్రం లోతు తక్కువ, సీళ్లు ఎక్కువ, అందువల్ల ఇవి పొరుగు మందల కంటే ఇప్పటికీ పుష్టిగా ఉన్నాయి. కానీ నేల మీద గడపాల్సిన రోజులు పెరుగుతున్నాయి. పుష్టి అన్నది నిల్వ, రోజులు ఖర్చు.

వాల్రస్ కష్టం ఇంకా సూటిగా కనిపిస్తుంది. చుక్చీ సముద్రం చాలా భాగం 50 మీటర్ల లోతే. వాల్రస్ అడుగుకు మునిగి, ముక్కు చుట్టూ ఉన్న వందల మీసాలతో బురద తడిమి, ఆలిచిప్పల లోపలి మాంసాన్ని నోటితో పీల్చేస్తుంది. ఒక్క మునకలో పదుల కొద్దీ చిప్పలు ఖాళీ చేస్తుంది. మునకల మధ్య తల్లి, పిల్ల సేదతీరేది గడ్డ పలక మీద. ఆ పలక లోతులేని నీటి పైన తేలుతున్నంత కాలం అది ఇల్లూ, బండీ కూడా. గడ్డ ఉత్తరాన లోతు సముద్రం మీదికి జరిగితే కింద అడుగు అందదు, తిండి ఉండదు. అప్పుడు వేలకు వేలు దీవి ఒడ్డుకు, బ్లాసమ్ అగ్రం దగ్గరి ఇసుకకట్టల మీదికి ఎక్కుతాయి. టన్ను బరువున్న జంతువులు ఒకదాని మీద ఒకటి పడుకుని ఉండగా ఎలుగు వాసన తగిలినా, విమానం చప్పుడు వినిపించినా మంద మొత్తం ఒక్కసారిగా నీళ్లలోకి దొర్లుతుంది. నలిగేది దూడలు. తల్లి 15 నెలలు మోసి ఈనేది ఒక్కదాన్నే, మళ్లీ ఈనడానికి రెండు మూడేళ్లు పడుతుంది. ఒక తొక్కిసలాట నష్టం పూడడానికి ఏళ్లు కావాలి.

రెయిన్‌డీర్, మస్క్ ఆక్స్ ఇక్కడ మనుషులు తెచ్చి వదిలినవే. మస్క్ ఆక్స్‌ను 1975లో అలాస్కా నునివాక్ దీవినుంచి 20 తెచ్చారు, ఇప్పుడు వందల్లో ఉన్నాయి. రెయిన్‌డీర్‌ను అంతకుముందే పెంపకానికి తెచ్చారు, మనుషులు వదిలేశాక అవి అడవిపాలై వేలకు పెరిగాయి. ఆ తర్వాత పెంకు కట్టిన శీతాకాలాలు వచ్చి మంద కుప్పకూలింది. రెయిన్‌డీర్ గిట్టతో మెత్తటి మంచును ఎంతైనా తవ్వగలదు, పెంకును పగలగొట్టలేదు. మస్క్ ఆక్స్ గాలికి మంచు కొట్టుకుపోయిన మిట్టల మీదే మేస్తుంది కాబట్టి కొంత తట్టుకుంది.

పడమటి కొసన ప్తీచీ బజార్ అనే అగ్రం ఉంది. రష్యన్‌లో పక్షుల బజారని అర్థం. మన సంతలాగే చెవులు దిబ్బళ్లు వేసే చోటు. నిటారు రాతిగోడ అంచుల మీద గిల్లెమాట్‌లు గూడు లేకుండానే ఒక్కొక్క గుడ్డు పెడతాయి. గుడ్డు ఒక వైపు కోసుగా ఉండడం వల్ల వాలు రాతి మీద గుండ్రటి గుడ్డంత తేలిగ్గా కదలదు. తూర్పున 60 కిలోమీటర్ల దూరంలోని హెరాల్డ్ దీవి చుట్టూ కూడా ఇలాంటి గోడలే.

మనుషుల చరిత్ర క్లుప్తంగా చాలు. ఉత్తరానికి ఎగిరిపోయే పక్షుల గుంపులను చూసి అక్కడ నేల ఉందని చుక్చీ జనానికి ముందే తెలుసు. వాళ్ల మాట నమ్మి 1820 నుంచి 1824 దాకా ఫెర్డినాండ్ రాంగెల్ అనే రష్యా నావికుడు వెతికాడు, దొరకలేదు. 1867లో తిమింగలాల వేటగాడు థామస్ లాంగ్ చూసి దీవికి రాంగెల్ పేరు పెట్టాడు. 1914 జనవరిలో కార్లుక్ అనే ఓడ గడ్డ మధ్య నలిగి మునిగింది, అందులోనివాళ్లలో 11 మంది చనిపోయారు. 1921లో దిగిన అయిదుగురిలో 1923 నాటికి మిగిలింది ఎడా బ్లాక్‌జాక్ అనే అలాస్కా ఆదివాసి (ఇనుపియాట్) మహిళ ఒక్కతే. 1926లో ఉషాకోవ్ ఆధ్వర్యంలో ఊరు వెలసింది. 1976లో అభయారణ్యం, 2004లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలం అయింది.

వెళ్లాలనుకునేవాళ్లకు దారి సముద్రమే. అనాదిర్ రేవునుంచి ఆగస్టులో ఓడలు నడుస్తాయి. రష్యా వీసాతో పాటు, దీవి ఉన్న చుకోట్కా అనే సరిహద్దు ప్రాంతపు అనుమతి, అభయారణ్యం అనుమతి వేర్వేరుగా కావాలి. జూలైలో గడ్డ అడ్డం, సెప్టెంబర్ నడిమికి తుఫానులు. ఆగస్టులో కూడా పొగమంచు కమ్మితే, లేదా ఉత్తరపు గాలి గడ్డను ఒడ్డుకు తోస్తే దిగడం కుదరదు. ఒడ్డున ఎలుగు కనిపించినా పడవ వెనక్కి తిరగాల్సిందే.

ఇంటినుంచి చూడడానికి నాసా వరల్డ్‌వ్యూ అనే ఉపగ్రహ చిత్రాల వెబ్‌సైట్ చాలు, డబ్బు కట్టనక్కర్లేదు. తెరవగానే ఆర్కిటిక్ ప్రొజెక్షన్‌కు, అంటే ఉత్తర ధ్రువాన్ని నడుమ పెట్టి చూపే పటానికి మార్చండి. మామూలు పటంలోనే ఉంచితే 180 రేఖకు ఇరువైపులా వేర్వేరు రోజుల చిత్రాలు పక్కపక్కన పడి, సగం దీవి నిన్నటిదీ సగం నేటిదీ అవుతుంది. మోడిస్ అనే ఉపగ్రహ కెమెరా చిత్రాల్లో 7-2-1 బ్యాండ్ల పొరను ఎంచుకోండి. మామూలు రంగుల్లో మేఘమూ గడ్డా రెండూ తెల్లగానే ఉంటాయి, ఈ పొరలో గడ్డ లేత నీలంగా, తక్కువ ఎత్తు మేఘాలు తెల్లగా విడిపోతాయి. నీళ్లు నల్లగా ఉంటాయి. మేఘం లేని రోజు దొరకాలంటే వారం రోజులు ముందుకూ వెనక్కూ జరపాల్సి వస్తుంది. నవంబర్ తర్వాత పొద్దు లేక చిత్రమంతా చీకటి. అప్పుడు మైక్రోవేవ్‌తో కొలిచే సముద్రపు గడ్డ సాంద్రత పొర పెట్టుకోవాలి, దానికి వెలుతురు అక్కర్లేదు. మొత్తం ఆర్కిటిక్‌లో గడ్డ అతి తక్కువగా ఉండేది సెప్టెంబర్ నడుమ. 2012లో అది 34 లక్షల చదరపు కిలోమీటర్లకు పడిపోయింది, ఇప్పటిదాకా నమోదైన అతి తక్కువ అదే.

చూడాల్సిన తేదీలు మూడే. ఉత్తరపు మైదానంలో నీలం పోయి నేల రంగు కనిపించిన రోజు బాతులది. గడ్డ అంచు దీవిని వదిలి ఉత్తరానికి పోయిన రోజు వాల్రస్‌లది. శరత్కాలంలో గడ్డ తిరిగి దక్షిణ తీరాన్ని తాకిన రోజు ఎలుగులది. ఏటేటా ఒక నోటుపుస్తకంలో ఈ మూడు తేదీలు రాసి పెట్టుకోండి. నాలుగో గడిలో, ఆ ఏడు మన చేన్లో విత్తనానికి పదును వాన పడిన తేదీ రాయండి.